మీటరు ఉంది సరే, చూసేవాడేడీ?

పోయిన ఆదివారం హైదరాబాదులో ఉన్న మా ఇంజనీరింగ్ బ్యాచ్‌మేట్‌తో ఫోన్లో గంటసేపు వాదన పెట్టుకున్నాను. పటాన్‌చెరు వైపు కాలుష్యం గురించి మొదలైంది. వాడిది క్లౌడ్ ఉద్యోగం, కాబట్టి ప్రపంచంలో ప్రతి సమస్యకీ వాడి దగ్గర ఒక ఆర్కిటెక్చర్ బొమ్మ ఉంటుంది. "ఒరేయ్, ఇదేమంత పెద్ద సంగతిరా? ప్రతి ఫ్యాక్టరీ గొట్టానికి ఒక సెన్సారు, ఒక సిమ్ కార్డు, బోర్డు ఆఫీసులో ఒక డాష్‌బోర్డు. లిమిట్ దాటితే మెసేజ్ పోతది. అయిపాయె" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, మూడేళ్ళ క్రితం అయితే నేనూ అదే అనేవాణ్ణి. ఇప్పుడు అనలేకపోతున్నాను. ఎందుకంటే ప్రస్తుతం నేను న్యూజిలాండ్‌లో హ్యామిల్టన్ అనే ఊళ్ళో ఉంటూ, రెండేళ్ళుగా అచ్చంగా వాడు చెప్పిన పనే చేస్తున్నాను. నది నుంచో బోరు నుంచో నీళ్ళు తోడుకునే వాళ్ళ మీటర్ల నుంచి వచ్చే లెక్కల్ని ఒక రీజనల్ కౌన్సిల్ సర్వర్లోకి చేర్చే సాఫ్టువేరు మాది. (కౌన్సిల్ పేరు చెప్పను, మా మేనేజరుకి తెలుగు రాదు గానీ ట్రాన్స్‌లేషన్ యాప్ ఉంది కదా.)

ముందు ఒక ఎలుక కథ చెప్తాను.

మేం రాసిన సిస్టమ్‌లో ప్రతి మీటరుకీ ఒక రంగు ఉంటుంది. డేటా రాకపోతే ఎరుపు, ఆలస్యంగా వస్తే పసుపు, అన్నీ సరిగ్గా వస్తే పచ్చ. ఒక జనవరిలో, అంటే ఇక్కడ మండు వేసవి, ఒక రైతు మీటరు మూడు వారాల పాటు పచ్చగానే ఉంది. ప్రతి 15 నిమిషాలకీ రీడింగ్ ఠంచనుగా వస్తోంది. ఫార్మాట్ కరెక్టు, టైము కరెక్టు. విలువ మాత్రం సున్నా. సున్నా, సున్నా, సున్నా. మా వాలిడేషన్‌కి సున్నా తప్పు కాదు, నీళ్ళు తోడకపోతే సున్నాయే రావాలి కదా!

కౌన్సిల్‌లో రిటైర్‌మెంటుకి దగ్గర పడ్డ ఫీల్డ్ ఆఫీసరు ఒకావిడ ఉంది. కంప్యూటరంటే ఆవిడకి పెద్దగా గిట్టదు. ఆవిడ ఆ స్క్రీను చూసి ఒకే ఒక్క మాట అడిగింది: "చుట్టుపక్కల అందరూ రాత్రీపగలూ పంపులు వేస్తుంటే ఇతనొక్కడి గడ్డి ఎండిపోతూ ఉందా?" మర్నాడు కారేసుకుని వెళ్ళింది. గడ్డి నవనవలాడుతోంది, పంపు తిరుగుతోంది. మీటరు నుంచి లాగర్‌కి వెళ్ళే తీగని ఎలుక కొరికేసింది. లాగర్ తన ధర్మం ప్రకారం సున్నా పంపుతూనే ఉంది.

ఆ రైతు దొంగ కాదు. కానీ దొంగ అయినా మా డాష్‌బోర్డు అదే పచ్చరంగు చూపించేది. పచ్చ అంటే డేటా వచ్చిందని అర్థం, రూలు పాటించారని కాదు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాయే ఈ టపా అంతా.

ఇక్కడి పద్ధతి కాస్త చెప్పాలి. న్యూజిలాండ్‌లో 1989లో స్థానిక సంస్థల్ని తిరగరాసినప్పుడు ప్రాంతీయ కౌన్సిళ్ళ సరిహద్దుల్ని చాలావరకు నదీ పరీవాహకాల్ని బట్టి గీశారు. కొండమీద పుట్టిన వాగు సముద్రంలో కలిసేదాకా వీలైనంతవరకు ఒకే కౌన్సిల్ చేతిలో ఉండాలని. నాకు ఇది చాలా నచ్చిన డిజైను. పైన కలిపిన విషం కింద జిల్లాకి పోతే "అది మా పరిధి కాదండీ" అనే మాట సగం తగ్గుతుంది. ఇలాంటి కౌన్సిళ్ళు 11, మరో ఐదు ప్రాంతాల్లో ఊరి కౌన్సిలే ఈ పని కూడా చేస్తుంది. రోడ్లు, చెత్త, ఇళ్ళ ప్లాన్లు ఊరి కౌన్సిల్ చూస్తే, నీరు, గాలి, తీరం ప్రాంతీయ కౌన్సిల్ చూస్తుంది.

వీళ్ళ చేతికి ఆయుధం ఇచ్చింది 1991లో వచ్చిన రిసోర్స్ మేనేజ్‌మెంట్ యాక్ట్. అందులో 15వ సెక్షన్ మన ఫైర్‌వాల్ లాంటిది, డిఫాల్ట్‌గా అన్నీ మూసేసి ఉంటాయి. కౌన్సిల్ ప్లాన్‌లో రూలు గానీ, నీ పేరు మీద కన్సెంట్ గానీ ఉంటే తప్ప ఫ్యాక్టరీ నుంచి నీళ్ళలోకి ఏదీ వదలకూడదు. వదిలితే "మాకు తెలీకుండా జరిగింది" అనడం చెల్లదు. ఉద్దేశం ఉందని కౌన్సిల్ నిరూపించక్కర్లేదు. జరిగిందని నిరూపిస్తే చాలు, తప్పించుకునే దారులు చట్టంలో చాలా ఇరుకు.

కన్సెంట్ అనే మాట మనకీ కొత్త కాదు. 1974 నీటి చట్టం కింద మన బోర్డులు ఇచ్చేది కూడా కన్సెంటే. ఫ్యాక్టరీ కట్టడానికి ఒకటి, నడపడానికి ఒకటి. ఇక్కడ కన్సెంట్ కాగితం తెరిస్తే నాకు రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు చదువుతున్నట్టే ఉంటుంది. సెకనుకి ఇన్ని లీటర్లకి మించి వదలకూడదు, నత్రజని ఇంతకు మించకూడదు, శాంపిల్ ఫలానా చోట, నెలకిన్నిసార్లు తియ్యాలి, రిపోర్టు ఫలానా తేదీకి ఇవ్వాలి. ఎక్కువలో ఎక్కువ 35 ఏళ్ళు. కాలపరిమితి రాయడం మర్చిపోతే అయిదేళ్ళే. మధ్యలో పరిస్థితి మారితే షరతుల్ని తిరిగి చూసే అధికారం కూడా ఉంది. తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఖర్చు, ఆ మనిషి గంటల లెక్క వేసి, ఫ్యాక్టరీకే బిల్లు వేస్తారు. మన క్లయింట్ బిల్లింగ్ లాగే టైమ్‌షీట్ నింపుతారండీ బాబూ, నేను కళ్ళారా చూశాను :)

వినడానికి స్వర్గంలా ఉంది కదూ. కాదు. కన్సెంట్లలో ఎక్కువ భాగం పక్కింటివాళ్ళకి కూడా నోటీసు లేకుండానే ఇచ్చేస్తారు. గడువు తీరేలోపు, కనీసం ఆరు నెలల ముందు, కొత్తదానికి అప్లై చేసుకుంటే అది తేలేదాకా పాత కాగితం మీదే బండి లాగించొచ్చు. అలా ఎక్స్‌పైర్ అయిపోయిన షరతులతో ఏళ్ళ తరబడి నడిచేవి ఉన్నాయి. జరిమానాల సంగతి సరేసరి. ఫ్యాక్టరీ ఆవరణ నుంచి మురికి వదిలితే అక్కడికక్కడ వేసే చలానా చాలా ఏళ్ళ పాటు 1000 డాలర్లు. ఒక పెద్ద కంపెనీకి అది ఆఫీసు పార్టీ ఖర్చు. కోర్టుకి లాగితే కంపెనీకి గరిష్టంగా 6 లక్షల డాలర్లు ఉండేది, దానికి కూడా ఇన్స్యూరెన్స్ చేయించుకునేవారు! 2025 ఆగస్టులో చట్టం సవరించి గరిష్ట జరిమానాని కంపెనీలకి కోటి డాలర్లు, వ్యక్తులకి పది లక్షలు చేశారు, ఇన్స్యూరెన్స్ చెల్లదన్నారు. బాగుంది. కానీ పట్టుకోని తప్పుకి జరిమానా ఎంత పెంచితే ఏం లాభం?

అసలు సమస్య ఎక్కడుందో చూపించడానికి రెండు ఉదాహరణలు చాలు.

మొదటిది చిన్నది. ఇక్కడ పాడి పరిశ్రమంటే మన దగ్గర సాఫ్టువేరు లాంటిది, దేశమంతా దాని మీద నడుస్తుంది. 2003లో ఫాంటెర్రా అనే పాల సహకార సంస్థ, ప్రభుత్వం, ప్రాంతీయ కౌన్సిళ్ళు కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఆవులు వాగుల్లోకి దిగకుండా కంచెలు కడతామని అందులో ఒక హామీ. ఇది కన్సెంట్ కాదు, స్వచ్ఛందం. 2010-11 సీజన్‌కి ఫాంటెర్రా తన లెక్క చెప్పింది: 84 శాతం పొలాల్లో పని పూర్తయింది. అదే సీజన్‌కి వ్యవసాయ శాఖ తరఫున మనుషులు పొలాలకి వెళ్ళి చూస్తే తేలింది 42 శాతం. సరిగ్గా సగం! ఎవరో కూర్చుని దొంగలెక్క రాశారని నేననను. రైతుని అడిగితే "ఆ, కట్టాం" అంటాడు, ఎక్కడో ఓ మూల కట్టని ముక్క వాడికి లెక్కలోకి రాదు. మనం స్టాండప్‌లో "తొంభై శాతం అయిపోయింది" అన్నప్పుడు అబద్ధం చెప్తున్నామా? టెస్టర్ ముట్టుకున్నాక కదా తెలిసేది.

రెండోది అంత తేలిగ్గా చెప్పలేను. హాక్స్ బే ప్రాంతంలో హేవ్‌లాక్ నార్త్ అని ఒక ఊరు. ద్రాక్షతోటలు, ఆపిల్ తోటలు, మహా అయితే 14 వేల జనాభా. ఆ ఊరి కుళాయి నీళ్ళు భూగర్భం నుంచి బోర్లతో తోడి, క్లోరిన్ కలపకుండా నేరుగా ఇచ్చేవారు. అంత స్వచ్ఛమైన నీళ్ళని వాళ్ళ నమ్మకం, గర్వం కూడా. 2016 ఆగస్టు మొదటివారంలో భారీ వాన పడింది. పక్క పొలంలోని గొర్రెల పెంట వాన నీటితో ఒక కుంటలోకి, అక్కడి నుంచి భూమిలోకి, అక్కడి నుంచి బోర్లోకి చేరిందని తర్వాతి విచారణ తేల్చింది. క్యాంపైలోబ్యాక్టర్ అనే క్రిమి. తొలి అంచనా ప్రకారమే 5500 మందికి వాంతులు, విరేచనాలు. అంటే ఊళ్ళో ప్రతి ముగ్గురిలో ఒకరికంటే ఎక్కువ. తర్వాత ఆ అంకె ఇంకా పెరిగింది. కనీసం మూడు మరణాలతో దానికి సంబంధం ఉండొచ్చని విచారణ చెప్పింది. అభివృద్ధి చెందిన దేశం, 2016, కుళాయి నీళ్ళు. మళ్ళీ చదవండి.

ఇందులో మన సబ్జెక్టు ఎక్కడుందంటే, ఆ నీళ్ళు తోడిన హేస్టింగ్స్ జిల్లా కౌన్సిల్‌కి బోర్ల కోసం కన్సెంట్ ఇచ్చింది హాక్స్ బే ప్రాంతీయ కౌన్సిల్. కన్సెంట్ ఉంది. షరతులు ఉన్నాయి. బోరు పైభాగం లోపలికి మురికి దిగకుండా ఉండాలన్న షరతు కూడా ఉంది. విపత్తు జరిగిన మూడు నెలలకి ప్రాంతీయ కౌన్సిల్ ఆ షరతు ఉల్లంఘించారంటూ జిల్లా కౌన్సిల్ మీద కేసు వేసింది, డిసెంబర్ కల్లా వెనక్కి తీసుకుంది. రిటైర్డ్ జడ్జి లిన్ స్టీవెన్స్ నాయకత్వంలో విచారణ సంఘం కూర్చుని 2017లో ఇచ్చిన నివేదికలో జిల్లా కౌన్సిల్‌ని గట్టిగా తప్పుపట్టింది, ప్రాంతీయ కౌన్సిల్‌నీ వదల్లేదు. ఆ చుట్టుపక్కల నేల కింద నీళ్ళు ఎటు పారుతున్నాయో నీకు సరిగా తెలీదు, వాడకుండా వదిలేసిన పాత బోర్ల సంగతి పట్టించుకోలేదు, నువ్విచ్చిన కన్సెంట్ షరతుల్ని పాటిస్తున్నారో లేదో నువ్వే చూడలేదు. నివేదిక సారం స్థూలంగా ఇదీ. ఈ లోపాలే నేరుగా కారణమని విచారణ అనలేదు, అది కూడా చెప్పాలి. అవి లేకుంటే కథ వేరేలా ఉండేదేమో అంది.

నాకు ఇందులో మింగుడుపడనిది ఏంటంటే, ఇక్కడ విలన్ ఫ్యాక్టరీ కాదు. లాభం కోసం రాత్రిపూట గేటు తెరిచినవాడెవడూ లేడు. ఒక ప్రభుత్వ సంస్థ ఇంకో ప్రభుత్వ సంస్థకి కాగితం ఇచ్చింది, ఇద్దరూ ఫైల్లో పెట్టుకున్నారు. కావాలని చేసిన మోసం ఒక్కటీ లేకుండానే అయిదువేల మంది మంచమెక్కారు. అలాంటప్పుడు మోసం కూడా తోడైన చోట?

అలాంటి చోటు గురించి నాకు వేరేవాళ్ళు చెప్పక్కర్లేదు. మా అమ్మమ్మగారి ఊరు నక్కవాగు దగ్గర. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే బోరు నీళ్ళు బకెట్లో పట్టి కాసేపు ఉంచితే పైన పసుపుపచ్చటి తెట్టు కట్టేది. అమ్మమ్మ ఆ నీళ్ళు బర్రెలకి కూడా పెట్టేది కాదు. మావయ్య ఆ వాగు పక్క ఎకరంన్నర బీడు పెట్టి చాలా ఏళ్ళయింది. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో, దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు వచ్చే అక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు బయటికి వదిలిన నీళ్ళలోనే, సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. గమనించండి, అది దొంగ గొట్టం కాదు. శుద్ధి చేయడానికే పెట్టిన ప్లాంటు. కానీ యాంటీబయోటిక్ ఎంతకు మించకూడదు అన్న ప్రమాణం మన రూల్స్‌లో అప్పుడు లేదు. 2020 జనవరిలో కేంద్రం ముసాయిదాలో ఆ పరిమితులు పెట్టింది, 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి తీసేసింది. స్పెక్‌లో లేనిదాన్ని ఏ టెస్టరూ ఫెయిల్ చెయ్యలేడు, ఏ సెన్సారూ కొలవదు.

ఇక మావాడి సెన్సార్ల సంగతి. వాడికి తెలియనిది ఏంటంటే ఆ పని మన దగ్గర ఎప్పుడో మొదలైంది. 2014 ఫిబ్రవరిలోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల భారీ కాలుష్య పరిశ్రమలు ఆన్‌లైన్ మీటర్లు పెట్టుకుని డేటా పంపాలని ఆదేశించింది. న్యూజిలాండ్‌లో సెకనుకి 5 లీటర్లు, అంతకు మించి నీళ్ళు తోడేవాళ్ళకి మీటరు తప్పనిసరి చేసింది 2010లో. 15 నిమిషాలకోసారి కొలిచి రోజూ ఎలక్ట్రానిక్‌గా పంపాలన్న నిబంధన 2020లో చేర్చి, పెద్దవాళ్ళకి 2022, మధ్యవాళ్ళకి 2024, చిన్నవాళ్ళకి 2026 అని గడువులు పెట్టారు. చూశారా, ఈ విషయంలో వాళ్ళకంటే మనమేం వెనకబడి లేం!

కాబట్టి తేడా సెన్సారులో లేదు. ఆ తేడా నాకు కనిపించింది ఆ ముసలావిడ కారు తాళాల్లో. ఆవిడ జీతం ఎవరిస్తున్నారు, ఆవిడ వెళ్తానంటే ఆపేవాళ్ళెవరు, ఆవిడ రాసిన రిపోర్టు చించేసే అధికారం ఎవరికుంది. ఇక్కడ కూడా అది పూర్తిగా తేలిన లెక్క కాదు. ప్రాంతీయ కౌన్సిళ్ళని నడిపేది ఎన్నికైన సభ్యులు, వాళ్ళలో రైతులూ ఉంటారు, రైతుల ఓట్లతో గెలిచినవాళ్ళూ ఉంటారు. 2011లో ఇక్కడి ఆడిటర్ జనరల్ నాలుగు కౌన్సిళ్ళని పరిశీలించి, ఎవరి మీద కేసు వెయ్యాలో వద్దో అన్న నిర్ణయంలో కౌన్సిలర్లు వేలు పెట్టకూడదని చెప్పాల్సి వచ్చింది. అలా చెప్పాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోండి. ఇంకో వింత, కోర్టు వేసే జరిమానాలో 10 శాతం ప్రభుత్వ ఖజానాకి పోగా మిగతాది కేసు వేసిన కౌన్సిల్‌కే వస్తుంది. మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ మా ఆఫీసు క్యాంటీన్లో తగువే. తనిఖీలకి డబ్బు లేదని ఏడ్చేకంటే నయమని నా ఓటు దానికే.

అలాగని కౌన్సిళ్ళు చక్కటివని ఈ దేశంలో అందరూ అనుకోవట్లేదు. అభివృద్ధికి అడ్డం పడుతున్నాయని తిట్టేవాళ్ళు ఎక్కువ. 2025 నవంబరులో ప్రభుత్వం ప్రాంతీయ కౌన్సిలర్ల పదవులే తీసేసి ఆ పనిని మేయర్ల బోర్డులకి అప్పగిద్దామని ప్రతిపాదించింది, డిసెంబరులో 1991 చట్టం స్థానంలో రెండు కొత్త బిల్లులు పార్లమెంటు ముందు పెట్టింది. నా భయమల్లా ఒక్కటే. హేవ్‌లాక్ నార్త్‌లో నీళ్ళు తోడింది జిల్లా కౌన్సిల్, దాన్ని చూడాల్సింది ప్రాంతీయ కౌన్సిల్. మేయర్లే కూర్చుని మేయర్ల బోర్లని తనిఖీ చేయించాలంటే, కోడ్ రాసినవాడే టెస్ట్ సైనాఫ్ ఇచ్చినట్టు ఉండదూ?

ఇదంతా మావాడికి చెప్తే, "అయితే నీ ఉద్యోగం దండగంటావా?" అన్నాడు. దండగ కాదు. ఎలుక కథ తర్వాత మేం ఒక కొత్త రూలు రాశాం. పక్కవాళ్ళ పంపులు తిరుగుతూ, వాన లేకుండా, ఒక మీటరు వారంపాటు సున్నా చూపిస్తే నారింజ రంగు వెయ్యాలని. ఆ రంగు కనబడితే ఏం చెయ్యాలన్నది కూడా రాశాం: మనిషి వెళ్ళి చూడాలి. ఆ లైను కోడ్‌లో లేదు, కౌన్సిల్ వాళ్ళ పని పట్టికలో ఉంది, దానికి బడ్జెట్ ఉంది.

నిన్న మావయ్యకి ఫోన్ చేశాను. ఊరి పక్కనున్న ఒక ఫ్యాక్టరీ కన్సెంట్ కాపీ, షరతులతో సహా, గత మూడేళ్ళ తనిఖీ రిపోర్టులతో సహా కావాలని సమాచార హక్కు దరఖాస్తు నేను తెలుగులో టైపు చేసి పంపాను, ఆయన సంతకం పెట్టి పది రూపాయలు కట్టి వచ్చాడు. "ఇచ్చినా ఏముంటదిరా అందులో?" అన్నాడు. ఏం కొలుస్తున్నారో, ఎవరు వచ్చి చూశారో ఉంటది మావయ్యా, లేదంటే అవి లేవని ఉంటది అన్నాను. 30 రోజుల గడువు. వచ్చాక ఇక్కడే పెడతాను.